పదో తరగతి సెలవుల్లోనే చేతికి రావాల్సిన పనులు

పిల్లలు సొంతంగా బతకడం నేర్చుకోవడానికి పద్దెనిమిదేళ్ళు గడువని చాలామంది అనుకుంటారు. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నో ఇళ్ళకు ఆ గడువు పదిహేనో పదహారో ఏటనే వచ్చేస్తుంది. మార్చి ఆఖరుకో ఏప్రిల్ మొదట్లోనో పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. జూన్‌లో ఇంటర్ తరగతులు మొదలు. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో పెట్టె సర్దుకుని వెళ్ళిన పిల్లలు నెల్లూరులోనో ఒంగోలులోనో, కాదంటే గుంటూరు, విజయవాడల్లోనో రెసిడెన్షియల్ కళాశాలలో చేరతారు. అక్కడ రెండేళ్ళూ తెల్లవారింది మొదలు రాత్రిదాకా స్టడీ అవర్లే. తిండి మెస్సులో, డబ్బు వార్డెన్ దగ్గర, ఫోను ఇంటి దగ్గర. ఆ తర్వాత సరాసరి చెన్నైకో బెంగళూరుకో హైదరాబాదుకో పై చదువు. పెద్దవాళ్ళు పక్కనుండగా తప్పులు చేసి దిద్దుకునే వెసులుబాటు ఆ ఒక్క వేసవితో దాదాపు ముగిసినట్టే. కొన్ని కళాశాలలు ఆ వేసవిని కూడా బ్రిడ్జి తరగతుల పేరుతో తీసేసుకుంటున్నాయి.

కాబట్టి ఏమేం నేర్పాలి అనేదానికంటే ఎప్పుడు, ఎలా నేర్పాలి అనేదే పెద్ద ప్రశ్న. ఎనిమిదో తరగతి నుంచి చిన్నచిన్నగా మొదలుపెట్టి, పది అయ్యాక వచ్చే ఆరేడు వారాల్లో పూర్తిగా చేతికి అప్పగించడం ఈ ప్రాంతపు చదువుల క్యాలెండరుకు సరిపడే పద్ధతి.

పని మొత్తం అప్పగించాలి

చాలా ఇళ్ళలో పిల్లలకు పని చెప్పరని కాదు. చెబుతారు. కానీ ముక్కలు చెబుతారు. "ఉల్లిపాయలు తరుగు", "మోటారు ఆపు", "కొట్టుకెళ్ళి అరకిలో చక్కెర పట్రా" అన్నీ ముక్కలే. బియ్యం అడుగంటాయని ఎవరు గమనించారు, ఏ రకం తేవాలని ఎవరు నిర్ణయించారు, మిగిలిన అన్నం ఏం చేశారు, కుక్కరు ఎవరు తోమారు? ఇవన్నీ అమ్మ తలలోనే ఉండిపోతాయి. ముక్కలు మాత్రమే చేసిన పిల్లలకు, హాస్టలు దాటి అద్దె గదిలోకి వెళ్ళాక, పని ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఎవరైనా చెబితే చేస్తారు. చెప్పేవాళ్ళు ఉండరు.

నేర్పడానికి నాలుగు మెట్లున్నాయి. మొదట పెద్దవాళ్ళు చేస్తూ ఎందుకు అలా చేస్తున్నారో పైకి చెప్పాలి. రెండోసారి కలిసి చేయాలి. మూడోసారి పిల్లలు చేస్తుంటే పక్కన నిలబడి, ప్రమాదం తప్ప మరేదీ పట్టించుకోకుండా నోరు కట్టేసుకోవాలి. నాలుగోసారి ఆ సమయానికి పెద్దవాళ్ళు వంటింట్లోనే ఉండకూడదు. మొదటి రెండూ అందరూ చేస్తారు. మూడోది కష్టం, నాలుగోది దాదాపు ఎవరూ చేయరు. నిజానికి నేర్చుకోవడమంతా ఆ నాలుగో మెట్టులోనే జరుగుతుంది. అన్నం ముద్దయితే ఎందుకయిందో వాళ్ళే ఆలోచించుకోవాలి. పక్కన పెద్దవాళ్ళుంటే ఆ ఆలోచన రాదు, అడుగుతారు.

ఇంకో సంగతి సూటిగా చెప్పుకోవాలి. ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఆడపిల్లకు వంటిల్లు, మగపిల్లాడికి బ్యాంకు, బజారు అనే పంపకం నడుస్తూనే ఉంది. దానివల్ల ఇద్దరికీ సగం పనే వస్తుంది. బెంగళూరులో పేయింగ్ గెస్ట్ హాస్టల్లో మూడు పూటలా బయటి తిండి తిని కడుపు పాడుచేసుకునే అబ్బాయి, జీతం ఖాతా లావాదేవీలన్నీ నాన్నకో అన్నకో వదిలేసే అమ్మాయి, ఇద్దరూ ఆ పంపకం నుంచి వచ్చినవాళ్ళే. జాబితా ఇద్దరికీ ఒకటే ఉండాలి.

కుక్కరు, గ్యాసు

వంటలో ఐదారు వస్తే చాలు: అన్నం, పప్పు, చారు, ఒక వేపుడు, కోడిగుడ్డు, మిగిలిన అన్నానికి తాలింపు. చేపల పులుసు తర్వాత నేర్చుకోవచ్చు. అన్నం ఒక్కటి సరిగ్గా నేర్పితే మిగతావాటికి దారి దొరుకుతుంది.

ఇద్దరికి ఒక గ్లాసు బియ్యం సరిపోతాయి. రెండుసార్లు కడిగి పావుగంట నానబెట్టాలి. పాత బియ్యమైతే గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్ళు, మెత్తగా కావాలంటే రెండున్నర. నెల్లూరు జిల్లాలో పెద్ద కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే కాబట్టి వేసవిలో ఇంటికి కొత్త బియ్యం వచ్చే అవకాశం ఎక్కువ. కొత్త బియ్యానికి ఒకటిన్నర నుంచి ఒకటిముప్పావు గ్లాసు చాలు. అదే కొలతతో పాత బియ్యం వండితే పలుకుగా ఉంటుంది, పాత కొలతతో కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది. ఈ తేడాను ఒకే వారంలో రెండు రకాలూ వండించి చూపిస్తే జన్మలో మరిచిపోరు. రెండు మూడు కూతలు వచ్చాక మంట ఆపి, ఆవిరి దానంతటదే దిగేదాకా పది నిమిషాలు వదిలేయాలి. వెయిట్ ఎత్తి ఆవిరి తీయడం, కుళాయి కింద పెట్టి మూత లాగడం మొదట్లో అసలు చూపించకూడదు. చూస్తే అదే అలవాటవుతుంది.

కుక్కరు ప్రమాదాలకు కారణాలు కొన్నే. అన్నానికైతే మూడింట రెండు వంతులు, పప్పుకైతే సగం మించి నింపకూడదు. నింపితే నురగ పైకి పొంగి ఆవిరి రంధ్రంలో అడ్డం పడుతుంది. అందుకే మూత పెట్టేముందు ఆ రంధ్రాన్ని వెలుతురుకు ఎత్తి చూడాలి, ఆవతలి వెలుగు కనబడాలి. చాలాసేపటికీ కూత రాకుండా మూత అంచు నుంచి బుసబుసమంటే రబ్బరు సాగిందని అర్థం. చల్లటి నీళ్ళలో కాసేపు వేస్తే ఆ పూటకు పని జరుగుతుంది, కానీ కొత్తది కొనాల్సిందే. సేఫ్టీ వాల్వు కరిగితే అదే రకం కంపెనీ వాల్వు వేయించాలి. ఏదో ఒకటి బిగించి కానిచ్చేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

పప్పుకు ఒకటికి మూడు నీళ్ళు, నాలుగైదు కూతలు. చింతపండు పులుసు పప్పు ఉడికాకే పోయాలి. పులుపు ముందే పడితే పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. పిల్లలు మొదటిసారి చేసే పొరపాటు దాదాపు ఇదే. కారణం చెబితే ఇక చెయ్యరు.

వండడమే కాదు, మిగిలింది దాచడమూ వంటలో భాగమే. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం అన్నం రాత్రిదాకా గిన్నెలో వదిలేస్తే వాసన రాకపోయినా వాంతులు పట్టుకోవచ్చు. అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. గదిలో ఫ్రిజ్ లేకపోతే తక్కువ వండుకోవడమే మార్గం.

గ్యాసు విషయంలో సిలిండరు దింపించుకోవడం దగ్గర మొదలుపెట్టాలి. సీలు ఉందా చూడాలి. ఇంటి సిలిండరులో గ్యాసు బరువు 14.2 కిలోలు. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే రాసి ఉంటుంది, రెండూ కలిపి తూకంలో రావాలి. పై కడ్డీల లోపలి వైపు ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెలు కనిపిస్తాయి. అది సిలిండరును మళ్ళీ పరీక్షించాల్సిన గడువు. ఎ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. బి 27 అంటే 2027 జూన్. గడువు దాటింది తెస్తే తిప్పి పంపాలి. సీలు తీశాక వాల్వు లోపల నల్లటి రబ్బరు రింగు ఉందో లేదో చూడాలి, లీకులకు అది ఒక పెద్ద కారణం. రబ్బరు పైపు అయిదేళ్ళకోసారి మార్చాలి.

వాసన వస్తే ఏం చేయాలో మాత్రం నోటితో చెప్పి ఊరుకోకుండా ఒకసారి నడిపించి చూపించాలి. రెగ్యులేటర్ ఆపాలి. తలుపులు బార్లా తెరవాలి. ఈ గ్యాసు గాలికంటే బరువు, నేలను పట్టుకుని ఉంటుంది కాబట్టి పై కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు. స్విచ్చి వేయకూడదు, వేసి ఉన్నదాన్ని ఆపకూడదు కూడా. ఆపేటప్పుడూ నిప్పురవ్వ వస్తుంది. బయటికొచ్చాకే గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోను చేయాలి. అనుమానం ఉన్నచోట సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి తప్ప అగ్గిపుల్ల గీసి కాదు.

గదిలో కరెంటు

నెల్లూరు, ఒంగోలు ఇళ్ళలో వేడినీళ్ళ అవసరం తక్కువ. అందుకే హీటర్ రాడ్డు అంటే ఏమిటో తెలియకుండానే పిల్లలు బెంగళూరు వెళ్ళి, మొదటి చలికి అది కొంటారు. బకెట్టులో నీళ్ళు పోసి, రాడ్డు మీద గీసిన గీత మునిగేలా పెట్టి, ఆ తర్వాతే ప్లగ్ గుచ్చి స్విచ్చి వేయాలి. నీళ్ళు వేడెక్కాయో లేదో చేయి పెట్టి చూడాలంటే ముందు స్విచ్చి ఆపాలి, ప్లగ్ ఊడదీయాలి, అప్పుడు చేయి పెట్టాలి. స్విచ్చి ఒక్కటే ఆపితే చాలదా అంటే చాలదు. చాలా పాత గదుల్లో వైర్లు తారుమారుగా కలిపి ఉంటాయి, స్విచ్చి ఆపినా రాడ్డుకు కరెంటు వస్తూనే ఉంటుంది. స్టీలు బకెట్టు వాడకూడదు. నీళ్ళు లేకుండా వేస్తే నిమిషాల్లో రాడ్డు పగిలిపోతుంది.

చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర చిన్న సాకెట్టు మోయగలిగింది దాదాపు 1,380 వాట్లు. రాడ్డు 1,500 వాట్లు. చిన్న సాకెట్టులో పెడితే నెమ్మదిగా కరిగి మాడు వాసన వస్తుంది. పదో తరగతి భౌతిక శాస్త్రం తెలిసిన పిల్లలకు ఈ లెక్క అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. పాఠంలో చదివింది చేతి పనికి ఉపయోగపడుతుందని తెలిస్తే పాఠం మీద కూడా ఇష్టం పెరుగుతుంది.

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. వేసవిలో పది రోజులు ఇంటి మీటరు రీడింగ్ పిల్లలచేత రాయించి, ఏసీ వేసిన రోజుకు, వేయని రోజుకు తేడా చూపించాలి. మన బిల్లు శ్లాబుల్లో పెరుగుతుంది కాబట్టి చివరి యూనిట్లే ఖరీదైనవని అప్పుడు తెలుస్తుంది. కరెంటు పోతే ముందు ఇంటి ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చి) చూసుకుని, అది పడిపోకపోతే వీధిలో ఉందేమో చూసి, అప్పుడు 1912కు చేయాలి. ఎంసీబీ పైకి ఎత్తగానే మళ్ళీ పడిపోతుంటే ఎక్కడో షార్టు ఉందని అర్థం. పదేపదే ఎత్తకూడదు.

డబ్బు

ఖర్చుకు డబ్బు నెలకోసారి ఇచ్చేస్తే కొత్తవాళ్ళకు పది రోజుల్లో అయిపోతుంది. మొదట వారానికోసారి ఇవ్వాలి. నాలుగు వారాలు నిలబెట్టుకుంటే పదిహేను రోజులకు, ఆ తర్వాత నెలకు. ఇచ్చింది వాళ్ళ సరదాలకే కాకుండా, ఇంటికి సంబంధించిన ఒక బాధ్యత అందులో కలపాలి. వారం కూరగాయలు అందుకు బాగా సరిపోతాయి. బెండకాయ కొస విరిస్తే టక్కున విరగాలి. చేపకు మొప్పలు ఎర్రగా, కళ్ళు తేటగా ఉండాలి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. బేరం కంటే ముందు సరుకు చూడటం నేర్పాలి. శుక్రవారానికే డబ్బు అయిపోతే ఆదివారం దాకా ఉన్నదానితోనే సర్దుకోవాలి. మందులకు తప్ప మధ్యలో చేతిలో పెట్టకూడదు. ఇంట్లో ఉండగా ఈ ఇబ్బంది విలువ రెండు మూడు వందలు. బయట అదే పాఠం అప్పు యాప్ దగ్గర నేర్చుకోవాల్సి వస్తుంది.

పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా నడుపుకునే పొదుపు ఖాతా తెరవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి. పరిమితులు బ్యాంకును బట్టి ఉంటాయి. పద్దెనిమిది నిండాక కొత్త సంతకం, కేవైసీ ఇవ్వకపోతే ఖాతా ఆగుతుంది. సరిగ్గా కళాశాల ఫీజు కట్టాల్సినప్పుడు చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇదే. స్కాలర్‌షిప్పు డబ్బు ఆధార్‌తో చివరగా జతయిన ఖాతాలోకే పోతుంది. కొత్త ఊళ్ళో రెండో ఖాతా తెరిచి దానికి ఆధార్ జత చేస్తే, ఇంటి దగ్గరి పాత ఖాతాలో డబ్బు పడలేదని వెతుక్కుంటారు. ఫోను చెల్లింపులు నేర్పడానికి యూపీఐ సర్కిల్ పనికొస్తుంది. తల్లిదండ్రుల ఖాతా నుంచే పిల్లలు చెల్లించవచ్చు. పూర్తి అనుమతి ఇచ్చినా ఒక్కోసారికి 5,000, నెలకు 15,000 రూపాయలు దాటదు.

మోసాల గురించి భయపెట్టడం కంటే రెండు మూడు సూత్రాలు వంటబట్టించాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోతోందనే అర్థం. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించేది), అది చలానా పేరుతో వచ్చినా పెళ్ళి శుభలేఖ పేరుతో వచ్చినా, తెరవకూడదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. తిడతారనే భయంతో పిల్లలు ఒక రోజు ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోతుంది కాబట్టి, "పోతే ముందు ఫోను చేయి, మాటలు తర్వాత" అని ఇంట్లో ముందే అనుకోవాలి.

హాస్టళ్ళలో ఇంకో ముప్పుంది, దీన్ని గట్టిగా చెప్పాలి. "నీ ఖాతా నాలుగు రోజులు వాడుకుంటాం, వచ్చిన దాంట్లో ఇంత ఇస్తాం" అని ఎవరో సీనియరు అడుగుతాడు. ఆ ఖాతాలోకి వచ్చేది వేరేవాళ్ళను మోసగించి కొట్టేసిన డబ్బు. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళ దగ్గరికే. ఏటీఎం కార్డు, సిమ్ము ఎంత దగ్గరి స్నేహితుడికైనా ఇవ్వకూడదని ఇంట్లో ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పాలి.

కాగితాలు, బండి, జబ్బు

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరికి వెళ్తుంది. తెలుగువాళ్ళకు పాస్‌పోర్టు దగ్గర వచ్చే చిక్కులో సగం ఇదే. బడి నుంచి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ళ వివరాల జాబితా) వెళ్ళేముందే పేరు అక్షరాలు, పుట్టిన తేదీ పిల్లలచేతే సరిచూపించాలి. మెమో వచ్చేశాక దాన్ని మార్చడం కంటే మిగతా కాగితాలను దానికి తగ్గట్టు మార్చుకోవడం తేలిక. పదిహేనేళ్ళు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, ఫొటో తప్పనిసరిగా మార్పించాలి. మరిచిపోయినవాళ్ళకు ప్రవేశ పరీక్షల దగ్గర వేలిముద్ర సరిపోక కంగారవుతుంది. దరఖాస్తులు పిల్లలే నింపాలి, పెద్దవాళ్ళు సరిచూడాలి. ఇప్పుడు అంతా తలకిందులుగా నడుస్తోంది.

పదహారేళ్ళకు గేర్లు లేని 50 సీసీ లోపు బండికి మాత్రమే లైసెన్సు ఇస్తారు. ఇప్పుడు వీధుల్లో తిరిగే స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీ పైబడినవే, వాటికి పద్దెనిమిది నిండాలి. మైనరు బండి నడిపి దొరికితే మోటారు వాహనాల చట్టం 199ఎ కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ళదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లలకు పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. ట్యూషన్‌కు ఆలస్యమవుతుందని తాళం ఇచ్చే ముందు ఇది గుర్తుండాలి.

విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్నీ కలపాలి. లీటరు ప్యాకెట్టును గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది. దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, తల కొట్టి కొలవాలి. జ్వరానికి పారాసిటమాల్ వేసుకుంటే నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేసుకోకుండా అట్ట వెనక చదవడం నేర్పాలి. డెంగీ రోజుల్లో వైద్యుడు చెప్పకుండా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల పిల్లలకు మరొకటి: కాచినంత మాత్రాన నీళ్ళలో ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

మే ఆఖరి వారంలో ఒక పగలు, ఒక రాత్రి ఇల్లు పిల్లలకు అప్పగించి పెద్దవాళ్ళు ఊరెళ్ళాలి. పక్కింటివాళ్ళకు చెప్పి, మూడు పూటల ఖర్చుకు డబ్బిచ్చి, ఏం వండాలో చెప్పకుండా. గంటగంటకూ ఫోను చేయకూడదు. తిరిగొచ్చాక చూడాల్సినవి కొన్ని ఉన్నాయి: రాత్రి రెగ్యులేటర్ ఆపారా, మిగిలిన కూర ఎక్కడ పెట్టారు, తడి బట్టలు బకెట్టులోనే నానుతున్నాయా, ట్యాంకు నిండాక మోటారు ఆపారా, చిల్లరకు లెక్క రాశారా. ఇల్లు చిందరవందరగా ఉంటే ఆ పూటకు వదిలేయవచ్చు. ఈ అయిదింటిలో తప్పింది ఏదైతే దాన్ని మర్నాడే మళ్ళీ చేయించి, జూన్‌లో పెట్టె సర్దేలోగా ఇంకోసారి ఇల్లు అప్పగించి చూడాలి.